రిమ్ బ్రేకు సైకిల్‌కి అరుదైన సైజు రిమ్ వెతుకుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సైకిల్‌ని బాగుచేద్దామని కూర్చుంటే చెయిన్ దొరుకుతుంది, బేరింగు గోళీలు దొరుకుతాయి, బ్రేకు కేబుల్ కూడా దొరుకుతుంది, తీరా రిమ్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. మంచి ఫ్రేము ఉన్న సైకిళ్లు కేవలం రిమ్ దొరక్క మూలన పడి ఉండటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు రిమ్ దొరక్క కాదు, తప్పు సైజు పేరుతో వెతకడం వల్లే ఆగిపోతారు. నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఒకచోట రాస్తున్నాను. ఇవన్నీ రిమ్‌ని పట్టుకుని ఆపే బ్రేకులున్న సైకిళ్లకే.

నా టైరు మీద 26 అని ఉంది. 26 అంగుళాల రిమ్ కొనేస్తే సరిపోతుంది కదా?

కొనకండి, ఆగండి. 26 అనే పేరుతో కనీసం ఐదు వేర్వేరు సైజుల రిమ్‌లు ఉన్నాయి: 559, 571, 584, 590, 597. ఇవి మిల్లీమీటర్లలో, టైరు అంచు కూర్చునే చోట రిమ్ వ్యాసం. 559కీ 597కీ మధ్య దాదాపు నాలుగు సెంటీమీటర్ల తేడా ఉంది, అయినా రెండింటినీ 26 అనే అమ్ముతారు. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు, లేదా వదులుగా వేలాడుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది భిన్నాల రాత. 26 x 1.75 అంటే 559. అదే 26 x 1¾ అంటే 571. లెక్కల పుస్తకం ప్రకారం రెండూ ఒకటే, సైకిల్ విషయంలో మాత్రం ఒకటి కాదు. దశాంశం ఉంటే ఒక కుటుంబం, భిన్నం ఉంటే ఇంకో కుటుంబం అని గుర్తుపెట్టుకోండి. 20 అంగుళాలలోనూ ఇదే గొడవ, 20 x 1.75 అంటే 406, 20 x 1¾ అంటే 419.

నేను మొదట్లో 26 x 1⅜ టైర్లున్న మూడు గేర్ల సైకిల్‌కి 26 అని మాత్రమే చెప్పి రిమ్‌లు తెప్పించుకున్నాను. వచ్చినవి 559. టైరు ఎక్కిస్తే రిమ్ చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ, లోపల ట్యూబు కనబడుతోంది. నాకు కావలసింది 590. అప్పటి నుంచి అంగుళాల్లో సైజు చెప్పడం మానేశాను.

మరి ఏ నంబరు చూడాలి?

టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-590 లాంటి రాత వెతకండి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ వ్యాసం. రిమ్ మీద అయితే 590x19 లాగానో 19-590 లాగానో ఉంటుంది, అందులో 19 అంటే రిమ్ లోపలి వెడల్పు. ఇది ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ కొలతల పద్ధతి, చాలామంది ఈటీఆర్‌టీఓ సైజు అంటారు. వెతికేటప్పుడు ఈ మూడంకెల నంబరుతోనే వెతకండి. అంగుళాల పేరు దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఈ నంబరు మారదు.

అసలు ఇన్ని సైజులు ఎందుకొచ్చాయి?

పాత రోజుల్లో చక్రం సైజు అంటే టైరుతో కలిపి బయటి వ్యాసం. ఫ్రెంచి వాళ్ల 700, 650 అన్నవి ఆ బయటి వ్యాసం మిల్లీమీటర్లలో. పక్కన ఉండే ఏ, బి, సి అక్షరాలు టైరు లావుని చెప్పేవి, ఏ అంటే సన్నం, సి అంటే లావు. బయటి కొలత ఒకటే ఉండాలంటే లావు టైరుకి చిన్న రిమ్, సన్న టైరుకి పెద్ద రిమ్ కావాలి కదా. అందుకే 700ఏ 642 అయింది, 700బి 635, 700సి 622. అలాగే 650ఏ 590, 650బి 584, 650సి 571. ఆ తర్వాత అదే రిమ్ మీద రకరకాల లావుల టైర్లు వచ్చాయి, అక్షరానికి అర్థం పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఈ రోజు 700సి రిమ్ మీద 23 మి.మీ. టైరూ వేస్తున్నారు, 50 మి.మీ. టైరూ వేస్తున్నారు.

టైరు లేదు, రిమ్ మీద రాత తుప్పులో కలిసిపోయింది. కొలవడం ఎలా?

నేను చేసే పద్ధతి చెప్తాను. టైరు విప్పేసి, లోపలి టేపు తీసేసి, సన్నటి కాగితం పట్టీ ఒకటి కత్తిరించండి, వెడల్పు 5 మి.మీ. చాలు. దాన్ని టైరు అంచు కూర్చునే గట్టు మీద, అంటే రిమ్ పక్క గోడకి లోపలివైపు, గోడ కింద ఉండే చిన్న చదును మీద చుట్టూ పరచండి. మధ్యలో ఉండే గుంటలోకి జారనివ్వకండి, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. పట్టీ చివర మొదటి అంచుని తాకిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, పట్టీని బల్ల మీద చాపి కొలిచి, 3.1416తో భాగించండి. 1853 మి.మీ. దగ్గర వస్తే 590. 1835 దగ్గర వస్తే 584. నేరుగా వ్యాసం కొలిస్తే ఈ రెండింటికీ తేడా 6 మి.మీ. మాత్రమే, చుట్టుకొలతలో 19 మి.మీ. తేడా వస్తుంది, కాబట్టి చెయ్యి కాస్త వణికినా సైజు తప్పదు.

అంత ఓపిక లేకపోతే రిమ్ బయటి అంచు నుంచి ఎదురుగా ఉన్న బయటి అంచుకి వ్యాసం కొలిచి అందులోంచి 12 మి.మీ. తీసేయండి. పక్క గోడ ఎత్తు సాధారణంగా ఒక్కోవైపు 6 మి.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి సుమారు లెక్క వచ్చేస్తుంది. పాత స్టీలు రిమ్‌లలో గోడ ఎత్తు కాస్త అటూఇటూ ఉంటుంది, 584, 590 లాంటి దగ్గర సైజుల మధ్య తేల్చుకోవాలంటే మాత్రం కాగితం పట్టీయే నమ్మండి.

ఏ సైజు ఎలాంటి సైకిళ్లకి ఉంటుంది?

ఇది తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

635 అంటే 28 x 1½, రాడ్ బ్రేకుల పెద్ద రోడ్‌స్టర్ సైకిళ్లు, డచ్ సైకిళ్లు. 630 అంటే 27 x 1¼, ఇంగ్లాండు, అమెరికా పాత పది గేర్ల రోడ్డు సైకిళ్లు. ఇదే 630 జపాన్‌లో 27 x 1⅜ పేరుతో ఊళ్లో తిరిగే మామూలు సైకిళ్లకి ఉంటుంది. 597 పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ సైకిళ్లదీ, అమెరికా కంపెనీ ష్విన్ వాళ్ల 26 x 1⅜ సైకిళ్లదీ. 590 అంటే మూడు గేర్ల ఇంగ్లీషు సైకిళ్లు, జపాన్‌లో బుట్ట పెట్టుకుని తిరిగే సైకిళ్లు. ష్విన్ 1⅜ వేరు, మిగతా ప్రపంచం 1⅜ వేరు, గమనించారా? 584 ఒకప్పుడు ఫ్రెంచి టూరింగ్ సైకిళ్లది, ఇప్పుడు 27.5 పేరుతో చాలా మౌంటెన్ బైకులకి ఉంది. 571 ట్రయథ్లాన్ సైకిళ్లు, పొట్టివాళ్ల కోసం చేసిన రోడ్డు సైకిళ్లు. 559 పాత మౌంటెన్ బైకులు.

చిన్న చక్రాల్లో 451, 406 రెండూ 20 అంగుళాలే. 451 బీఎమ్ఎక్స్ రేసింగులో, వేగంగా పోయే మడత సైకిళ్లలో ఉంటుంది, 406 మామూలు బీఎమ్ఎక్స్‌లో. 349 బ్రాంప్టన్ మడత సైకిల్ సైజు, 369 మౌల్టన్ అనే చిన్న చక్రాల సైకిళ్లలో కొన్నిటిది. 24 అంగుళాల్లో 507 పిల్లల మౌంటెన్ బైకులకి, 540 చక్రాల కుర్చీలకి. చక్రాల కుర్చీ రిమ్ కొలత సరిపోయినా దాని పక్కలు బ్రేకు కోసం చెయ్యకపోవచ్చు, కాబట్టి చూసుకునే కొనాలి.

అంటే 590 కావలసినవాళ్లు మౌంటెన్ బైకు సామాన్ల దగ్గర ఎంత వెతికినా దండగ. జపాన్ సైకిళ్ల విడిభాగాల వైపు చూస్తే త్వరగా పని అవుతుంది.

ఒకప్పుడు దొరికేవి కదా, ఇప్పుడెందుకు కనబడటం లేదు?

రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొత్త సైకిళ్లు డిస్క్ బ్రేకులకి మారిపోయాయి, సైజులు కూడా 622కీ 584కీ కుదించుకుపోయాయి. దాంతో అరుదైన సైజు, పైగా రిమ్ బ్రేకు అనే రెండు షరతులూ కలిసినప్పుడు మిగిలేవి కొన్నే.

అయితే ఒక మంచి సంగతి ఉంది. రిమ్ తయారీలో ముందు అల్యూమినియాన్ని అచ్చులోంచి ఒక ఆకారంలో పొడవాటి కడ్డీగా బయటికి నెడతారు. అలా వచ్చిన పొడవాటి కడ్డీని స్ప్రింగులాగా చుట్టి, కావలసిన చోట కోసి, కొసలు కలుపుతారు. అదే కడ్డీని 622గానూ చుట్టొచ్చు, 590గానూ చుట్టొచ్చు. కాబట్టి ఒక మోడల్ రిమ్ ఒక సైజులో ఉందంటే, అదే మోడల్ ఇంకో సైజులో ఎప్పుడో ఒకసారి చేసి ఉండే అవకాశం ఉంది. సన్ కంపెనీ సీఆర్18 అనే రిమ్‌ని 590, 597, 630 లాంటి సైజుల్లో కూడా చేసింది, పాత సైకిల్ వాళ్లందరూ ఆ పేరు చెప్పుకోవడానికి కారణం అదే. వెలాసిటీ, అలెక్స్, జపాన్ ఆరాయా, ఒకప్పటి రిగిడా పేరు మార్చుకుని ఇప్పుడు రైడ్‌గా ఉన్న కంపెనీ, ఈ పేర్లతో సైజు నంబరు కలిపి వెతకండి. మోడల్ పేరు, మూడంకెల సైజు, రంధ్రాల సంఖ్య, ఈ మూడూ కలిపి వెతికితే దొరికేవి, ఒక్క సైజుతో వెతికితే దొరకవు.

సరిగ్గా నా సైజులో డిస్క్ బ్రేకు రిమ్ దొరికింది. వేసుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో ఏ సర్దుబాటూ లేదు. రిమ్ బ్రేకు రిమ్‌కి రెండు పక్కలా చదునుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండే గోడలు ఉంటాయి, రబ్బరు అరగదీసినా కొన్నేళ్లు తట్టుకునేంత లోహం అక్కడ పెడతారు. డిస్క్ రిమ్‌లో ఆ గోడ పలచగా, వంపుగా, రంగు వేసి ఉంటుంది. బ్రేకు వేస్తే రబ్బరు జారుతుంది, రంగు ఊడి రబ్బరుకి అంటుకుంటుంది, గోడ త్వరగా అరిగి, లోపలి గాలి ఒత్తిడికి ఓ రోజు చీలిపోతుంది. వేగంగా దిగుతున్నప్పుడు ముందు చక్రానికి ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫోటోలో చూసి గుర్తుపట్టాలంటే పక్క గోడ మీద సన్నటి గీతలతో మెరిసే వెండి రంగు పట్టీ ఉందా అని చూడండి. అది మిషను మీద చదును చేసిన గుర్తు. కొన్ని పాత రిమ్‌లకి మిషను పని లేకుండా మొత్తం ఒకటే రంగు ఉంటుంది, అవీ రిమ్ బ్రేకువే, కాబట్టి అనుమానం ఉంటే రాతపూర్వకంగా అడగండి.

తిరగేసి అడిగేవాళ్లూ ఉంటారు: రిమ్ బ్రేకు రిమ్‌ని డిస్క్ హబ్‌కి (చక్రం మధ్యలో స్పోకులు బిగించే భాగానికి) కట్టొచ్చా అని. సాధారణంగా కట్టొచ్చు.

నాది రాడ్ బ్రేకు. నాకు ఏ రిమ్ కావాలి?

రాడ్ బ్రేకు రబ్బరు పక్కల్ని పట్టుకోదు, హబ్ వైపు నుంచి పైకి లేచి రిమ్ అడుగుని నొక్కుతుంది. దానికి వెస్ట్‌వుడ్ రకం రిమ్ కావాలి, పక్కలు గుండ్రంగా ఉండి, అడుగున స్పోకుల వరసకి అటూఇటూ రబ్బరు ఆనడానికి చోటు ఉంటుంది. రిమ్ పక్కల్ని రెండువైపులా నొక్కే కాలిపర్ బ్రేకుకి ఎండ్రిక్ రకం, చదును పక్కలది. రెండింటినీ కలిపి చేసిన వెస్ట్రిక్ అనే రకం కూడా ఉంది, మధ్యభాగం వెస్ట్‌వుడ్‌లాగా, పక్కలు ఎండ్రిక్‌లాగా. వెస్ట్‌వుడ్ రిమ్‌కి కాలిపర్ బ్రేకు బిగించి ఆగడం లేదని బాధపడేవాళ్లని చూశాను. గుండ్రటి పక్క మీద రబ్బరుకి పట్టు దొరకదు, అందులో బ్రేకు తప్పేమీ లేదు.

నా సైజు రిమ్ ఎక్కడా లేదు. దగ్గర సైజుకి మారిపోవచ్చా?

చాలా సందర్భాల్లో మారొచ్చు, కొన్నిసార్లు అదే మంచి దారి కూడా. లెక్క తేలిక: రెండు వ్యాసాల తేడాలో సగం ఎంతో, బ్రేకు రబ్బరు అంత కిందికో పైకో జరగాలి.

630 నుంచి 622కి 4 మి.మీ. 590 నుంచి 584కి 3 మి.మీ. 597 నుంచి 590కి మూడున్నర. 571 నుంచి 559కి 6. 635 నుంచి 622కి ఆరున్నర. ఇవన్నీ చేయదగ్గవే. 622 నుంచి 584కి అయితే 19 మి.మీ., దానికి పొడవు చేతుల బ్రేకు కావాల్సిందే. 451 నుంచి 406కి ఇరవై రెండున్నర, మామూలుగా అయ్యే పని కాదు.

ఇప్పుడు మీ బ్రేకు ఎంత కిందికి అందుతుందో చూడాలి. బ్రేకుని ఫ్రేముకి బిగించిన బోల్టు మధ్య నుంచి బ్రేకు రబ్బరు మధ్య వరకు కొలవండి. రోడ్డు సైకిళ్ల పొట్టి కాలిపర్‌లు 39 నుంచి 49 మి.మీ. వరకు అందుతాయి, మధ్యరకం 47 నుంచి 57, పొడవువి 55 నుంచి 73. ఉదాహరణకి 27 అంగుళాల సైకిల్‌లో మీ కొలత 52 వచ్చిందనుకోండి. 622కి మారితే 56 కావాలి. 47-57 బ్రేకుకి సరిపోతుంది, కానీ రబ్బరు గాడిలో దాదాపు అడుగుకి చేరుతుంది. మీ కొలత 55 అయితే 59 కావాలి, అప్పుడు పొడవు బ్రేకు కొనాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ముందు, వెనక విడివిడిగా కొలవడం మర్చిపోకండి, రెండూ ఒకేలా ఉంటాయని అనుకోకూడదు.

నా మట్టుకు నేను 630 వాళ్లకి 622కి మారిపొమ్మనే చెప్తాను. టైర్ల ఎంపిక ఒక్కసారిగా పెరుగుతుంది, మడ్‌గార్డు కింద కాస్త చోటు కూడా దొరుకుతుంది. 590 వాళ్లకి మాత్రం ముందు 590లోనే ప్రయత్నించమంటాను. మంచి టైర్లు ఆ సైజులో ఇంకా వస్తున్నాయి, ష్వాల్బే మారథాన్ 37-590 అందులో ఒకటి, పైగా సైకిల్ అసలు రూపం చెడదు. అది కుదరనప్పుడు 584.

పెద్ద సైజు వైపు మారేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. బ్రేకు అందినా ఫోర్కు పైభాగానికో, మడ్‌గార్డుకో, వెనక చెయిన్ స్టేలకో (వెనక చక్రానికి అటూఇటూ ఉండే ఫ్రేము గొట్టాలకో) టైరు తగలొచ్చు.

622 ఫ్రేములో 584 వేస్తే సైకిల్ కిందికి దిగిపోదా?

లావు టైరు వేస్తే పెద్దగా దిగదు. 25 మి.మీ. టైరుతో 622 చక్రం మొత్తం వ్యాసం సుమారు 672. 42 మి.మీ. టైరుతో 584 చక్రం 668. తేడా నాలుగు మిల్లీమీటర్లు, ఎత్తులో రెండు. ఇలా మార్చుకునేవాళ్లు మార్చుకునేదే లావు టైరు సుఖం కోసం. ఫ్రేములో అంత వెడల్పుకి చోటుందో లేదో మాత్రం స్కేలు పెట్టి చూసుకోవాలి.

వీ-బ్రేకు లేదా కాంటిలివర్ అయితే ఇదే లెక్కా?

లెక్క అదే, వెసులుబాటు తక్కువ. ఆ బ్రేకులు ఫ్రేముకి వెల్డు చేసిన పిన్నుల మీద నిలబడతాయి, ఆ పిన్నులు కదలవు. చేతిలో ఉన్న గాడి ఎంత పొడవుంటే అంతే. 3, 4 మి.మీ. మార్పు తేలిగ్గా సర్దుకుంటుంది, 559 నుంచి 584కి కావలసిన పన్నెండున్నర మి.మీ. మామూలు వీ-బ్రేకుతో కుదరదు. పాల్ అనే అమెరికా కంపెనీ మోటోలైట్ అని గాడి పొడవుగా ఉన్న బ్రేకు చేసింది, ఇలాంటి మార్పుల వాళ్లు అది వాడతారు.

రంధ్రాల సంఖ్య ఒకటి రెండు తేడా ఉంటే?

ఒప్పుకోవద్దు. హబ్‌లో 36 ఉంటే రిమ్‌లో 36 ఉండాలి. కొన్ని రంధ్రాలు వదిలేసి కట్టొచ్చని ఎవరైనా అంటే, కట్టొచ్చేమో గానీ ఆ చక్రం మీద బరువు సమానంగా పడదు. పాత ఇంగ్లీషు సైకిళ్లలో ముందు 32, వెనక 40 ఉంటాయి, ఇది తెలియక రెండు 36 రిమ్‌లు కొనేసేవాళ్లు ఉన్నారు. 40 రంధ్రాల రిమ్ అరుదైన సైజులో దొరకడం కష్టం కాబట్టి, అవసరమైతే 36 రంధ్రాల హబ్‌కి మారడం గురించి కూడా ఆలోచించండి. లోపల గేర్లున్న పాత వెనక హబ్ అయితే దాన్ని వదులుకోకండి, 40 రంధ్రాల రిమ్ కోసమే ఓపిగ్గా వెతకండి.

రిమ్ వెడల్పు ముఖ్యమా?

ముఖ్యమే, రెండు చోట్ల. లోపలి వెడల్పు టైరుకి సరిపోవాలి: 37 టైరుకి 19, 21 మి.మీ. హాయిగా ఉంటుంది, 13 మి.మీ. రిమ్ మీద అది మలుపులో అటూఇటూ ఊగుతుంది. బయటి వెడల్పు బ్రేకుకి సరిపోవాలి. పాత సన్న రిమ్ తీసి వెడల్పు రిమ్ వేస్తే కాలిపర్ చేతులు బాగా తెరుచుకోవాల్సి వస్తుంది, రబ్బర్లు రిమ్‌కి తగిలే కోణం మారుతుంది.

వాల్వ్ రంధ్రం వేరుగా ఉంది, ఏం చేయాలి?

సన్న వాల్వ్ రంధ్రం ఆరున్నర మి.మీ., కారు ట్యూబు లాంటి లావు వాల్వ్ రంధ్రం ఎనిమిదిన్నర. లావు రంధ్రంలో సన్న వాల్వ్ పెట్టాలంటే చిన్న రబ్బరు వాషరు లాంటిది దొరుకుతుంది. సన్న రంధ్రాన్ని పెద్దది చేయడం కుదురుతుంది, అంచులు నున్నగా అరగదీయాలి, లేకపోతే వాల్వ్ మొదట్లో ట్యూబు కోసుకుపోతుంది. బాగా సన్నటి రిమ్ అయితే చేయొద్దు.

పాత స్టాకు రిమ్, లేదా వాడిన రిమ్ కొంటున్నాను. ఏం చూడాలి?

మొదట బ్రేకు పట్టిన పక్క గోడ. స్కేలు అంచుని దాని మీద నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుతురు నెలవంకలా కనబడితే గోడ అరిగి గుంటపడినట్టు. కొద్దిగా అయితే పరవాలేదు. చాలా రిమ్‌ల మీద అరుగుదల గుర్తుగా సన్న గాడో చిన్న చుక్కో ఉంటుంది, అది చెరిగిపోయి ఉంటే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

తర్వాత స్పోకు రంధ్రాల చుట్టూ చూడండి, వెంట్రుక లాంటి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. దుమ్ము తుడిచి, వేలి గోరుతో గీరి చూడండి, గీతో పగులో తెలిసిపోతుంది. రిమ్ అతుకు దగ్గర గోరుతో అడ్డంగా గీయండి, మెట్టులాగా తగిలితే బ్రేకు వేసిన ప్రతిసారీ అక్కడ టక్కుమంటుంది. చివరిగా గాజు పలక మీద పెట్టి చూడండి. విడి రిమ్ ఒకటి రెండు మి.మీ. లేచి ఉంటే స్పోకులు బిగిస్తే సర్దుకుంటుంది, అంతకన్నా ఎక్కువైతే స్పోకుల బలం అంతా ఆ బెండు తీయడానికే పోతుంది.

పాత రిమ్‌లలో ఇంకో సంగతి. పక్క గోడ లోపలివైపు టైరు అంచుని పట్టుకునే చిన్న కొక్కెం లాంటి వంపు కొన్నిటికి ఉండదు. అలాంటి నున్నటి గోడల రిమ్ మీద ఎక్కువ ఒత్తిడి టైరు వేసి గట్టిగా గాలి కొడితే టైరు ఎగిరి బయటికి వచ్చేస్తుంది. వాటికి లావు టైరు, తక్కువ గాలి.

నా స్టీలు రిమ్‌లు బాగానే ఉన్నాయి. అల్యూమినియం కోసం వెతకడం అవసరమా?

వానలో తొక్కుతారా? అయితే అవసరం. తడిసిన క్రోము స్టీలు మీద రబ్బరు పట్టు ఎంత తగ్గిపోతుందో ఒకసారి అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు, బ్రేకు పూర్తిగా నొక్కినా సైకిల్ చాలా దూరం పోతూనే ఉంటుంది. అల్యూమినియం రిమ్ వేశాక అదే బ్రేకు, అదే సైకిల్ వేరే బండిలా ఆగుతుంది. సైజు అసలే దొరక్కపోతే కనీసం బ్రేకు రబ్బర్లు మార్చండి, కూల్-స్టాప్ వాళ్ల నారింజ గులాబీ కలిసిన రంగు రబ్బరు తడి స్టీలు మీద మామూలు వాటికన్నా బాగా పట్టుకుంటుంది. వాటితోనూ తడిలో ముందుగానే బ్రేకు వేయడం మొదలుపెట్టాలి.

పాత స్పోకులే వాడుకోవచ్చా?

కొత్త రిమ్ లోపలి కొలత పాతదానికి దగ్గరగా ఉంటే వాడుకోవచ్చు. ఇక్కడ చూడాల్సింది టైరు సైజు కాదు, స్పోకు కొసలు నిపుల్‌లో (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్టులో) ఆగే చోట వ్యాసం. చక్రాలు కట్టేవాళ్లు దీన్నే ఈఆర్‌డీ అంటారు. ఒకే 590 అయినా లోతు ఎక్కువున్న రిమ్‌కి ఇది తగ్గుతుంది.

కొలిచే పద్ధతి: రెండు పాత స్పోకులు తీసుకుని, మర ఉన్న కొస నుంచి సరిగ్గా 270 మి.మీ. దగ్గర కోయండి. రిమ్‌లో ఎదురెదురు రంధ్రాల్లో నిపుల్స్ పెట్టి, స్పోకు కొస నిపుల్ తలలోని గాడి అడుగుకి సమానంగా వచ్చేవరకు తిప్పండి. రెండింటినీ లాగి పట్టుకుని మధ్యలో మిగిలిన ఖాళీ కొలవండి. ఖాళీ 36 అయితే 270, 270, 36 కలిపి 576. మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోండి, పాత రిమ్ పూర్తి గుండ్రంగా ఉండదు.

పాతదానికీ కొత్తదానికీ తేడా 2 మి.మీ. ఉంటే స్పోకు పొడవులో 1 మి.మీ. తేడా, సర్దుకుంటుంది. 6 మి.మీ. తేడా అంటే స్పోకులో 3, అప్పుడు కొత్త స్పోకులు కొనాల్సిందే. సరిపోయినప్పుడు నాకు ఇష్టమైన పని ఇది: పాత చక్రం పక్కనే కొత్త రిమ్‌ని వాల్వ్ రంధ్రాలు ఎదురెదురుగా ఉండేలా టేపుతో కట్టి, ఒక్కో స్పోకునీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చడం. అల్లిక చెడదు. మొదలుపెట్టే ముందు వాల్వ్ పక్క రంధ్రం రెండు రిమ్‌లలోనూ ఒకే వైపుకి జరిగి ఉందా అని చూసుకోండి, కొన్నిటిలో కుడికి, కొన్నిటిలో ఎడమకి ఉంటుంది.

అమ్మేవాళ్లకి ఏమని రాయాలి?

మొత్తం ఒకే వాక్యంలో: 590 వ్యాసం, 36 రంధ్రాలు, లోపలి వెడల్పు 19 దగ్గర, రిమ్ బ్రేకుకి పనికొచ్చే చదును పక్కలు, అల్యూమినియం, సన్న వాల్వ్. పక్క గోడ దగ్గరి నుంచి ఫోటో, రిమ్ మీద అచ్చు వేసిన నంబరు ఫోటో అడగండి. నంబరు ఫోటో పంపకుండా 26 అంటే 26 అని వాదించేవాళ్ల దగ్గర కొనకండి. దొరికినప్పుడు వీలైతే ఒకటి అదనంగా తీసుకుని పక్కన పెట్టుకోండి, అరుదైన సైజుల్లో రెండోసారి వెతకడం మొదటిసారికన్నా కష్టం.

కొత్త రిమ్ వేశాక మొదటి రోజు ఏం చూసుకోవాలి?

బ్రేకు నొక్కి పట్టుకుని కిందికి వంగి చూడండి. రబ్బరు మొత్తం చదును పట్టీ మీదే ఉండాలి. పై అంచు టైరుని తాకితే కొన్నాళ్లలో టైరు పక్కని కోసేస్తుంది, కింది అంచు రిమ్ దాటితే రబ్బరు అరిగేకొద్దీ కిందికి జారి స్పోకుల్లో ఇరుక్కుంటుంది. సైజు మార్చినవాళ్లు ఇది రెండుసార్లు చూడండి. పాత రబ్బర్లే వాడుతుంటే వాటిలో గుచ్చుకున్న మెరిసే లోహపు ముక్కల్ని సూదితో తీసేయండి, లేకపోతే కొత్త రిమ్ మీద మొదటి రోజే గీతలు పడతాయి.

మొదటి కొంతదూరం చక్రం నుంచి టింగ్ టింగ్ అని చప్పుడు రావచ్చు, బిగించేటప్పుడు మెలి తిరిగిన స్పోకులు విడుచుకుంటున్న శబ్దం అది. భయపడక్కర్లేదు. ఓ యాభై కిలోమీటర్లు తొక్కాక ఒక్కో జత స్పోకుల్ని చేత్తో కలిపి నొక్కి చూడండి, వదులైనవి వెంటనే తెలుస్తాయి, వాటిని అర మలుపు చొప్పున బిగించుకుంటూ మళ్లీ బెండు తీయించండి.